విశాల రైలెక్కాలా, వద్దా

ప్రభుత్వానికి కోపమొస్తే కమిటీ పుడుతుంది, సిగ్గేస్తే జీవో పుడుతుంది. ఈ కథకు మూలమైన జీవో సిగ్గు వల్ల పుట్టింది.

రాజధాని నుంచి వస్తున్న ఒక పెద్దాయన కారు పెదమల్లవరం బస్టాండు ముందు టైరు పంక్చరై ఆగిపోయింది. ఆయన దిగి, చేసేదేమీ లేక, ఎదురుగా ఉన్న గోడ చదివాడు. "ఈ బస్టాండులో మంచినీళ్ళ కుళాయి పెట్టేదెప్పుడు?" అని ఎవరో బొగ్గుతో రాసి ఉంది. రాసి ఎన్నేళ్ళయిందో గానీ అక్షరాలు గోడలో కలిసిపోయాయి. దీనికి ఏం సమాధానమిచ్చారని వెంట ఉన్న అధికారులను అడిగాడు. గోడకు సమాధానం ఇవ్వాలని అంతవరకూ ఎవరికీ తోచలేదు. పెద్దాయనకు చిన్నతనమనిపించింది. నెల తిరక్కుండా జీవో దిగింది. ప్రభుత్వ ఆస్తి మీద పౌరుడు ఏ రూపంలో ఏమి రాసినా దానిని అర్జీగా భావించవలెను. సంబంధిత శాఖకు పంపి పరిష్కరించవలెను. పరిష్కారమైన పిమ్మట ఆ రాతను తుడిచి సదరు ఆస్తిని యథాపూర్వ స్థితికి తేవలెను. కుళాయి మాత్రం రాలేదు.

ఈ పనికి జిల్లాకొక ఉప సంచాలకుడిని వేశారు. మా జిల్లాకు పట్టాభిరామారావు గారొచ్చారు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనలేరు. లంచం పుచ్చుకోడు, కసురుకోడు, ఎండలోనైనా కోటు విప్పడు. ఆయన లెక్కలో లోకంలోని విషయాలన్నీ రెండు రకాలు, పెండింగులో ఉన్నవీ, పరిష్కారమైనవీ. జిల్లాను సున్నా పెండింగు జిల్లా చేసి చూపిస్తానని ఆయన మొదటి మీటింగులోనే మాటిచ్చాడు.

గోడలతో మొదలుపెట్టారు. బస్టాండు గోడ మీద "సురేషూ, నన్ను మర్చిపో" అని ఉంటే, ఏ సురేషో తెలియనందున ఊళ్ళో ఉన్న సురేషులందరికీ "తక్షణమే మర్చిపోవలెను" అని తాఖీదులు వెళ్ళాయి. పెళ్ళైన సురేషుల ఇళ్ళల్లో ఆ పూట పొయ్యి వెలగలేదు. ఆస్పత్రి గోడ మీద "ఇచ్చట నోటీసులు అంటించరాదు" అని ఉంటే, "తమరి అర్జీ స్వీకరించడమైనది" అని దాని పక్కనే నోటీసు అంటించారు. గోడలయ్యాక బెంచీలు, బెంచీలయ్యాక బడుల్లో బల్లలు అయిపోయాయి. అప్పుడెవరో పుణ్యాత్ముడు గుర్తు చేశాడు, గ్రంథాలయాల్లో పుస్తకాలుంటాయనీ, పుస్తకాలకు మార్జిన్లుంటాయనీ.

అలా ఒక సోమవారం పొద్దున్న పట్టాభిరామారావు గారు ఇద్దరు గుమాస్తాలను వెంటేసుకుని పెదమల్లవరం శాఖా గ్రంథాలయంలో అడుగుపెట్టారు. గ్రంథపాలకురాలు కనకవల్లి అప్పుడే పేపర్లు కర్రలకు తగిలిస్తోంది. ఆవిడకు యాభై నాలుగేళ్ళు. తండ్రి ఇదే గ్రంథాలయంలో పనిచేస్తూ పోతే, పంతొమ్మిదో ఏట ఆ కుర్చీలో కూర్చుంది. ఇద్దరు చెల్లెళ్ళను చదివించి, పెళ్ళిళ్ళు చేసి, పురుళ్ళు పోసి పంపింది. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు అనేకంటే, పెళ్ళికి సెలవు దొరకలేదు అంటే సబబుగా ఉంటుంది.

గుమాస్తాలు బీరువాలు దులిపారు. వ్యవసాయం పుస్తకాల్లో, వేదాంతం పుస్తకాల్లో ఒక్క గీతా లేదు. వాటిని తెరిచిన పాపాన పోయినవాళ్ళు లేరు. చివరికి కనకవల్లి బల్ల సొరుగులోంచి, అట్ట ఊడి, వెన్నుకి గుడ్డ అంటించి ఉన్న ఒక నవల బయటపడింది. దాని పేరు "మలుపు మీద ఇల్లు". తెరిస్తే అచ్చు కంటే పెన్సిలు రాతే ఎక్కువ. గుమాస్తాలిద్దరికీ కళ్ళు తిరిగాయి. పట్టాభిరామారావు గారికి మాత్రం గని దొరికినంత సంతోషమైంది.

ఈ నవల సంగతి కొంత చెప్పాలి. రైలు పట్టాలు మలుపు తిరిగే చోట, చిన్న స్టేషను పక్కన, ఒక ఇల్లాలు భర్త పోయాక పూటకూళ్ళ ఇల్లు నడుపుతుంది. ఆమెకు ముగ్గురు కూతుళ్ళు. ఆఖరిది చిట్టి, దానికి లోకంలో కావలసిందల్లా ఒక ఆకుపచ్చ పరికిణీ. నడిమిది భ్రమర, దానికి చదువు పిచ్చి. పెద్దది విశాల, ఆ పిల్లకేం కావాలో ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఎప్పుడూ గరిటె పట్టుకునే ఉంటుంది. మొదటి పేజీలో ముగ్గురూ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతుంటారు. చివరి పేజీకి ముగ్గురూ పెద్దవాళ్ళవుతారు. మధ్యలో శేషగిరి అనే మేస్టారు వాళ్ళింట భోజనానికొస్తాడు, విశాల మీద మనసు పడతాడు, బదిలీ అవుతుంది, నాతో వచ్చేయమని ప్లాట్‌ఫారం మీద నిలబడతాడు. రైలు కూత వేస్తుంది. విశాల పొయ్యి మీంచి పులుసు దించుతూ ఆ కూత వింటుంది. రైలు వెళ్ళిపోతుంది. ఆమె వెళ్ళలేకపోయిందా, వెళ్ళాలనుకోలేదా, ఆ ఒక్క ముక్క చెప్పకుండా రచయిత్రి కన్నుమూసింది. యాభై ఏళ్ళుగా మా ఊరి ఆడవాళ్ళకు అదొక తీరని పంచాయితీ.

ఆ నవలకున్న మహత్తు ఏమిటో పండితులు చెప్పలేదు గానీ, మా ఊళ్ళో ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. పదమూడేళ్ళప్పుడు చదివితే నువ్వు చిట్టివి. ఇరవై ఏళ్ళకు చదివితే భ్రమరవి. నలభై దాటాక విశాలవి. అరవై ఐదుకు మళ్ళీ తీస్తే, ఈ ముగ్గురితో ఎలా వేగిందో మహాతల్లి అని ఆ పూటకూళ్ళమ్మ మీద జాలేస్తుంది. పుస్తకం అదే, పెరిగేది చదివే మనిషి. మళ్ళీ అచ్చు కాలేదు కాబట్టి ఊరంతటికీ ఈ ఒక్క కాపీయే దిక్కు. తల్లి చదివి మార్జిన్లో ఒక మాట రాస్తే, ఇరవై ఏళ్ళ తర్వాత కూతురు చదివి దాని కింద జవాబు రాసింది. ఇంట్లో ఎదురుగా అనుకోలేని మాటలు ఆ మార్జిన్లలో అనుకున్నారు. పుస్తకాల్లో రాయకూడదని కనకవల్లి అందరినీ చీవాట్లు పెట్టేది. పెట్టి, పుస్తకం తిరిగి రాగానే, కొత్తగా ఎవరేం రాశారో ముందు తను చదువుకునేది. కనకవల్లి కథా విశాల కథా ఒకటేనని ఊరందరికీ తెలుసు. ఆవిడ ముందు ఎవరూ అనరు.

"ఇది నవలండీ," అంది కనకవల్లి.

"కావచ్చునమ్మా," అన్నారు పట్టాభిరామారావు గారు. "రాసినవారు పౌరులే కదా, రాసినది ప్రభుత్వ ఆస్తి మీదనే కదా. మా పట్టికలో కల్పితము అనే కాలమ్ లేదు."

పుస్తకానికి సీలు వేసి తీసుకుపోయారు. అర్జీలన్నీ పరిష్కరించి, మార్జిన్లు శుభ్రంగా తుడిపించి, కొత్త పుస్తకంలా అప్పగిస్తామని ఆవిడకు అభయమిచ్చారు. గ్రంథాలయం అటెండరు సింహాద్రి వాకిట్లో నిలబడి ఆ జీపు పోయినవైపే చూశాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుందమ్మా వీళ్ళ వరస, అన్నాడు. కనకవల్లికి నవ్వు రాలేదు. తుడిపిస్తామన్న మాట దగ్గరే ఆవిడ మనసు ఆగిపోయింది.

జిల్లా కార్యాలయంలో పని జోరుగా సాగింది. మొదటి అర్జీ ఐదో పేజీలో ఉంది. "నా పేరు తెలుసుకోవాలంటే డెబ్భై మూడో పేజీ చూడు." అర్జీదారు పేరు నమోదు చేయడం తప్పనిసరి కనుక గుమాస్తాలు డెబ్భై మూడు తీశారు. అక్కడ "తొందరెందుకు, నూట నలభై చూడు" అని ఉంది. నూట నలభైలో "వచ్చావా, పందొమ్మిదికి పో" అని ఉంది. పందొమ్మిదో పేజీలో "నీకు వేరే పనేం లేదా?" అని ఉంది. ఇది విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగిని కించపరచడమేనని ఒక గుమాస్తా అన్నాడు. పట్టాభిరామారావు గారు శాంతంగా ఆలోచించి, అది అవమానం కాదు, ప్రశ్న అన్నారు. "ఈ కార్యాలయమునకు తగినంత పని కలదు" అని సమాధానం పంపి, ఆ అర్జీని పరిష్కృతం చేశారు.

"చిట్టికి ఆ ఆకుపచ్చ పరికిణీ కొనిపెడితే ఏం పోయింది?" అన్న అర్జీ సంక్షేమ శాఖకు వెళ్ళింది. ఆ శాఖవారు దయతో స్పందించి, బాలిక కొలతలు పంపగలరు, ఆకుపచ్చ గుడ్డ నిల్వలో లేదు, నీలం ఇవ్వవచ్చునా అని అడిగారు. "రైలు ఇంకో రెండు నిమిషాలు ఆగితే బాగుండు" అన్నది రైల్వేవారికి వెళ్ళింది. సదరు స్టేషను తమ డివిజనులో లేదనీ, పక్క డివిజనులోనూ లేదనీ, అయినా ప్రయాణికుల కోరిక గౌరవించి అక్కడ ఆపుటకు అభ్యంతరం లేదనీ వాళ్ళు జవాబిచ్చారు. అన్నిటికంటే చిక్కు తెచ్చింది నూట ఆరో పేజీ. అక్కడ ఎవరో "శేషగిరి ఉత్త చవట" అని రాసి, కింద రెండు గీతలు గీశారు. ఇది అర్జీ కాదు ఆరోపణ అని తేల్చి, స్థానిక విచారణకు పంపారు. పెదమల్లవరంలో శేషగిరి అనేవాడు ఒక్కడే ఉన్నాడు, ఎరువుల కొట్టు శేషగిరి. విచారణాధికారి వెళ్ళి ఆయన్ను కొట్లో కూర్చోబెట్టి, ఇరుగుపొరుగు వాంగ్మూలాలు తీసుకున్నాడు. ఆరోపణ నిజమేనని పొరుగువారు ధ్రువీకరించారు. ఆయన భార్య మూడు పేజీల వాంగ్మూలం ఇచ్చింది.

ఇవన్నీ విని ఊళ్ళో పగలబడి నవ్వుకున్నారు. నవ్వు ఆగిపోయింది మాత్రం తుడవడం మొదలెట్టిన రోజున. పరిష్కారమైన మొదటి వాటిని రబ్బరుతో తుడిచి, నమూనాగా ఊరివాళ్ళకు చూపించమని కొన్ని పేజీల ఫొటోలు గ్రంథాలయానికి పంపారు. రిటైరైన లెక్కల టీచరు సువర్చల వాటిని ఒక్కొక్కటీ చూస్తూ ముప్పై ఒకటో పేజీ దగ్గర ఆగింది. అక్కడ ఆవిడ అక్క, పెళ్ళికి ముందు, "సువర్చీ, నువ్వు అచ్చం చిట్టివే" అని రాసింది. ఆ అక్క మొదటి కాన్పుకే పోయింది. ఆ చేతిరాత ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. ఏటా ఒకసారి ఆ పుస్తకం తీసుకెళ్ళి, కథ కోసం కాదు, ఆ ఒక్క వాక్యం కోసం చదివేది సువర్చల. ఫొటోలో ఆ మార్జిన్ తెల్లగా ఉంది. ఆవిడ కనకవల్లి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

కనకవల్లికి కళ్ళు మండాయి. పట్టాభిరామారావు గారి దగ్గరకు మూడు బస్సులు మారి వెళ్ళింది. ఆయన కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి, చాలా మర్యాదగా అశక్తత వ్యక్తం చేశారు. మిగతావన్నీ తేలిపోయాయనీ, రెండు వందల పన్నెండో పేజీ ఒక్కటే తేలడం లేదనీ, అది తేలగానే మొత్తం పుస్తకం తుడిచి పంపేస్తామనీ చెప్పారు. ఆ పేజీలో రైలు కూత వేస్తుంది. ఆ పేజీలో ఖాళీ మార్జినే మిగల్లేదు. "వెళ్ళు విశాలా", "వద్దమ్మా, చెల్లెళ్ళ గతేంటి", "వెళ్ళకపోతే నిన్ను క్షమించను", "వెళ్తే నిన్ను నువ్వే క్షమించుకోలేవు" అంటూ పైనా కిందా అడ్డంగా నిలువుగా మూడు తరాలు రాశాయి.

"పరస్పర విరుద్ధమైన అర్జీలమ్మా," అన్నారాయన దిగులుగా. "ఒకరికి న్యాయం చేస్తే మరొకరికి అన్యాయం. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి క్లిష్ట సమస్య చూడలేదు. బహిరంగ విచారణ తప్పదు."

విచారణకు తాఖీదులు వచ్చాయి. అందులో ఒకటి గ్రంథాలయం చిరునామాకు, నవలలోని విశాలకు, ఆమె నిండు పేరు విశాలాక్షి పేరున, రిజిస్టరు పోస్టులో వచ్చింది. బాధితురాలు స్వయంగా హాజరై తన అభీష్టం తెలుపవలెను, హాజరు కానిచో ఏకపక్షంగా నిర్ణయించి రాతలన్నియు తుడిచివేయబడును అని ఉంది. పోస్టుమాను ఎవరు సంతకం పెడతారని అడిగాడు. ఈ పేరు గలవారు లేరని తిప్పి పంపితే పుస్తకం పోతుంది. కనకవల్లి ఒక్క క్షణం ఆలోచించి సంతకం చేసింది. సంస్థలో ఆశ్రయం పొందుతున్న వారి తరఫున ఆ సంస్థ బాధ్యులు హాజరు కావచ్చునని, వారు చెప్పినదే లబ్ధిదారు చెప్పినట్లు భావించబడునని, ఆ తాఖీదు వెనకే అచ్చు వేసి ఉంది.

విచారణ రోజున మండల కార్యాలయం సమావేశ మందిరం కిటికీల దాకా నిండిపోయింది. ఎవరూ చెప్పకుండానే జనం రెండుగా చీలి కూర్చున్నారు. కిటికీల వైపు "వెళ్ళు" వాళ్ళు, గోడ వైపు "వద్దు" వాళ్ళు. తల్లి ఇటుంటే కూతురు అటుంది. ఒక అత్తా కోడలూ మాత్రం ఒకే వైపు కూర్చుని, ఒకరినొకరు చూసి ఆశ్చర్యపోయారు. "వెళ్ళు" వాళ్ళ తరఫున టైలరు షకీలా లేచింది. శేషగిరి మంచివాడా చవటా అన్నది తర్వాతి మాట అనీ, అసలు ఆ వంటింట్లోంచి ఒక్క మనిషైనా బయట పడాలా వద్దా చెప్పమనీ అడిగింది. సువర్చల ఎర్రబడ్డ కళ్ళతోనే లేచి, వారంలో భ్రమరకు స్కూలు ఫైనలు పరీక్షలనీ, అక్క రైలెక్కితే ఆ పిల్లకు వేళకింత అన్నం ఎవరు వండి పెడతారనీ నిలదీసింది. ఆ తర్వాత ఎవరు ఏ మాటన్నారో రాసుకోవడం గుమాస్తాల వల్ల కాలేదు.

పట్టాభిరామారావు గారు బల్ల మీద తట్టి, తన ముసాయిదా ఉత్తర్వు చదివారు. "ఉభయ పక్షముల మనోభావాలను దృష్టిలో ఉంచుకుని, సదరు విశాలాక్షి ప్లాట్‌ఫారం వరకు వెళ్ళునట్లును, రైలు ఎక్కకుండునట్లును, శేషగిరి అనువారికి చేయి ఊపునట్లును ఉత్తర్వు చేయడమైనది." రెండు పక్షాలూ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. పాము చావకుండా కర్ర విరగకుండా చేశాననుకున్న ఆయన ఖంగు తిన్నారు. చెమట తుడుచుకుని, ఉత్తర్వు ఖరారు చేసే ముందు బాధితురాలి అభీష్టం నమోదు చేయాలన్నారు.

కనకవల్లి లేచి ముందుకొచ్చింది. ఏం చెప్పాలో బస్సులోనే వల్లించుకుంది. నాకు ఏ పరిష్కారమూ వద్దు, పుస్తకం ఉన్నదున్నట్టు ఇప్పించండి. అంతే.

"చెప్పండమ్మా," అన్నారు పట్టాభిరామారావు గారు, కలం పట్టుకుని. "మీకేం కావాలి?"

ఆయన దృష్టిలో అది ఒక కాలమ్. కానీ కనకవల్లి వల్లించుకున్నదంతా ఆ మాటతో ఎగిరిపోయింది. తండ్రి పోయిన పదకొండో రోజు బంధువులంతా చాప మీద కూర్చుని, ఉద్యోగం పెద్దదానికే రాయించాలని నిర్ణయించారు. తను అప్పుడు వంటింట్లో వాళ్ళకు కాఫీలు కలుపుతోంది. చెల్లెళ్ళ సంబంధాలప్పుడు అందరూ తన భుజం తట్టారు. చూసుకుంటావులే అన్నారు, నీకేం లోటన్నారు, దేవత అన్నారు. నీకేం కావాలి అని ఇన్నేళ్ళలో తనను అడిగిన మొదటి మనిషి అర్జీల ఉప సంచాలకుడు. ఆ సంగతి తలుచుకుంటే ఆవిడకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. కొంగుతో కళ్ళొత్తుకుంది.

"వెళ్ళమని కొందరూ వద్దని కొందరూ యాభై ఏళ్ళ నుంచీ చెబుతూనే ఉన్నారండి," అంది. "నన్నెవరూ అడగలేదు. మీరడిగారు. అడిగారు గనక ఆలోచించుకోవాలి. నాకు గడువు కావాలి."

అక్కడున్న వాళ్ళలో సగం మందికి, ఆవిడ మాట్లాడింది విశాల గురించి కాదని తెలిసింది. మిగతా సగం మందికి, తమ గురించేనని తెలిసింది. గోడ వైపు కూర్చున్న ఒక ముసలావిడ ముక్కు చీదింది.

పట్టాభిరామారావు గారి మొహం మాత్రం క్రమంగా విప్పారింది. ఆయన నిబంధనల పుస్తకం తిరగేశారు. లబ్ధిదారు స్వయంగా గడువు కోరిన అర్జీ పెండింగు కింద రాదు. గడువు ముగిసే వరకు ఆస్తి లబ్ధిదారు స్వాధీనంలోనే, ఉన్నది ఉన్నట్లుగా, ఒక్క అక్షరమూ తుడవకుండా ఉండవలెను. గడువు ఎంత అని అడిగారు. ఆలోచన తెగేవరకూ అంది కనకవల్లి. అలాగే రాసుకున్నారు. ఆ సాయంత్రానికి జిల్లా సున్నా పెండింగు జిల్లా అయింది. ఆయనకు శాలువా కప్పారు.

పుస్తకం గ్రంథాలయానికి తిరిగొచ్చింది. ముప్పై ఒకటో పేజీ మార్జిన్ తెల్లగానే వచ్చింది, దానికి ఎవరూ ఏమీ చేయలేకపోయారు. అక్క రాసిన మాటను సువర్చల అక్కడే తన చేత్తో మళ్ళీ రాసుకుంది. కనకవల్లి ఆ రోజు ఆవిడను చీవాట్లు పెట్టలేదు.

నెల నెలా పట్టాభిరామారావు గారి కార్యాలయం నుంచి ఒక తాఖీదు వచ్చేది. "సదరు విశాలాక్షి ఆలోచన ప్రస్తుతం ఏ దశలో ఉన్నది?" కనకవల్లి నెల నెలా జవాబు రాసేది. "పరిశీలనలో ఉన్నది." వాళ్ళ మాటే వాళ్ళకు పంపితే వాళ్ళు ఎంత తృప్తిగా పుచ్చుకుంటారో చూసి సింహాద్రి ముచ్చటపడేవాడు.

అయితే ఆవిడ ఊరికే రాయడం లేదు. నిజంగానే ఆలోచిస్తోంది. నీకేం కావాలి అని ఒకసారి చెవిన పడ్డాక ఆ మాట ఆవిడను వదల్లేదు. పేపర్లు తగిలిస్తున్నా, తాళం వేస్తున్నా అదే మాట. అలా ఆలోచించగా, చదివిన పుస్తకాల్లోని ఊళ్ళలో తను ఒక్కటీ చూడలేదని తట్టింది. చలికాలం మొదట్లో ఒకరోజు సెలవు చీటీ రాసింది. హంపి చూసొస్తానని చెల్లెళ్ళకు ఫోను చేసింది. హంపిలో మనవాళ్ళెవరున్నారే అని పెద్ద చెల్లెలు కంగారుపడింది. ఎవరూ లేరు, అందుకే అంది కనకవల్లి. వంటకు సామాన్లు తీసుకెళ్తున్నావా అని చిన్నది అడిగింది. గరిటె ముట్టుకోను, ఎక్కడ దొరికితే అక్కడ తింటాను అంది.

ఆవిడ ఊరెళ్ళిన మర్నాడే ఆ నెల తాఖీదు వచ్చింది. సింహాద్రికి జవాబు రాయడం రాక, దాన్ని సొరుగులో పడేశాడు. జవాబు రాకపోయేసరికి పట్టాభిరామారావు గారు స్వయంగా ఫోను చేస్తే సింహాద్రి ఎత్తాడు. ఆ సమయానికి సువర్చల, షకీలా ఇద్దరూ గ్రంథాలయంలోనే ఉన్నారు. పుస్తకం ఎవరి వంతు అన్న దాని మీద అప్పటికే వాళ్ళకు మాటా మాటా అయింది. ఫోను గొంతు గది చివరికి వినబడేంత పెద్దది.

"విశాలాక్షి గారి ఆలోచన ఏ దశలో ఉన్నదయ్యా?"

"ఆవిడ లేరండి. రైలెక్కి వెళ్ళారు."

షకీలా సువర్చల వైపు గెలిచినట్టు చూసింది. సువర్చల మొహం తిప్పుకుంది.

"వెళ్ళిందా? అయితే 'వెళ్ళు' పక్షానికి అనుకూలంగా పరిష్కృతమైనట్లు నమోదు చేస్తున్నాను."

"అదేంటండి," అన్నాడు సింహాద్రి. "సోమవారం వచ్చేస్తారు గదా. రానూ పోనూ టిక్కెట్లు నేనే తీశాను."

అటు పక్క కాగితాలు తిరగేసిన చప్పుడైంది. పట్టికలో వెళ్ళినది అనే కాలమ్ ఉంది, వెళ్ళనిది అనే కాలమ్ ఉంది. వెళ్ళి వచ్చుట అనే కాలమ్ లేదు. పై అధికారులను సంప్రదించి మళ్ళీ మాట్లాడతానని చెప్పి ఆయన ఫోను పెట్టేశారు.

సువర్చల పుస్తకం ముందుకు లాక్కుని రెండు వందల పన్నెండో పేజీ తీసింది. కళ్ళజోడు సర్దుకుని మొదటి నుంచీ చదివింది. అచ్చయిన అక్షరాలన్నీ చదివి, పెన్సిలు రాతలన్నీ చదివింది. తల్లులవీ కూతుళ్ళవీ, తనవీ షకీలావీ, అన్నీ.

"ఆ స్టేషన్లో వచ్చే రైలు కూడా ఆగుతుంది కదా టీచరుగారూ," అంది షకీలా నెమ్మదిగా.

"ఆగుతుందే," అంది సువర్చల. "యాభై ఏళ్ళు వెళ్ళమనీ వద్దనీ కొట్టుకు చచ్చాం. వెళ్ళి రావే అని ఒక్కత్తెకీ రాయాలనిపించలేదు."